కొసచేనుకు మొదటి తడి

సర్దుకుపొమ్మనే మాట ఎప్పుడూ కిందున్నవాడికే చెప్తారర్రా. పైనున్నవాడికి ఆ మాట చెప్పినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నందిగామలో వకీలు గుమాస్తాగా నా జీవితమంతా గడిచింది. దావాలు రాశాను, జవాబుదావాలు రాశాను, రాజీ కాగితాలు రాశాను. "గొడవలు లేకపోతే ఊరు ప్రశాంతంగా ఉంటుంది కదా తాతయ్యా" అని ఇందాక అన్నావు చూడు, అక్కడే నాకు ఈ ముచ్చట్లు చెప్పాలనిపించింది. గొడవల్లేని ఊళ్ళు నేనూ చూశాను అబ్బాయ్. అక్కడ గొడవ పెట్టుకునే దమ్ము ఒక పక్కవాళ్ళకే ఉండేది, రెండో పక్కవాళ్ళకి ఉండేది కాదు. దాన్ని ప్రశాంతత అనడానికి నాకు నోరు రాదు. ఆ చింతమొద్దు ఇటు తొయ్యి, అది అంటుకుంటే తెల్లారేదాకా ఉంటుంది. అమ్మడూ, నువ్వు ఆ దుప్పటి కప్పుకో.

జగ్గయ్యపేట దగ్గర్నుంచి మొదలుపెడతాను. అది ఒకప్పుడు బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పేట కట్టించి, తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. కృష్ణ అవతల ఒడ్డున అమ్మ అచ్చమ్మ పేరు మీద అచ్చంపేట. మహాదాత అని, గుళ్ళూ గోపురాలూ కట్టించాడని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నిజమే. ఆ నోటితోనే నరుకుళ్ళపాడు సంగతి కూడా చెప్పేవాళ్ళు. చెంచులు దారులు కాసి దోచుకుంటున్నారని రాజుకి ఫిర్యాదులు వచ్చాయట. ఆయన వాళ్ళని భోజనాలకి పిలిపించి, వరసగా నిలబెట్టి తలలు నరికించాడట. నూట యాభై మంది అని కొందరు, ఆరువందల మంది అని కొందరు. అంకె సంగతి వదిలెయ్యి. వాళ్ళలో దోచినవాడెవడు, దోచనివాడెవడు అని అడిగినవాడు మాత్రం ఏ కథలోనూ లేడు. ఆ తరవాత రాజు అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగులై కనపడేవని, ఆ పాపం కడుక్కోడానికే చింతపల్లి వదిలి అమరేశ్వరుడి దగ్గరికి చేరాడని చెప్తారు. రాజుని నిలదీసే కచేరీ ఆ రోజుల్లో లేదు. కథ చెప్పుకోవడం ఒక్కటే జనం చేతిలో ఉంది. రెండువందల ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

జగ్గయ్యపేటలోనే ధనంబోడు అని బౌద్ధుల దిబ్బ ఉంది. అక్కడ దొరికిన పలకల్లో మాంధాత చక్రవర్తి శిల్పం పేరు మోసింది, ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. కత్తి ఎత్తకుండా ధర్మంతో ఏలేవాడే చక్రవర్తి అని బౌద్ధులు చెప్పుకునేవాళ్ళు. ఆ రాయి మీద కట్టిన పేటకి తలలు నరికించిన రాజు దొరకడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

వెంకటాద్రి నాయుడు 1816లో పోయాడు. కడుపున పిల్లల్లేరు. ఒకణ్ణి కాదు, ఇద్దర్ని దత్తు తీసుకున్నాడు, జగన్నాథబాబుని, రామనాథబాబుని. ఇంకేముంది, వ్యాజ్యం. అది లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తేల్చారు. ఆ తీర్పుని దత్తత కేసుల్లో వకీళ్ళు ఎన్ని తరాలు ఉదహరించారో! తీర్పు మిగిలింది, జమీ మాత్రం మిగల్లేదు.

అదే 1816లో మద్రాసు సర్కారు ఇంకో పని చేసింది. ఊరి పెద్దనే మునసబుని చేసి, చిన్నచిన్న దావాలు అక్కడికక్కడే తేల్చమంది. పది రూపాయల లోపు బాకీకి ఎద్దుల బండి కట్టుకుని బందరు పోనక్కర్లేదు. మంచి ఆలోచనే. కానీ ఆ చట్టాల్లోనే ఒక మాట ఉంది. తిట్టుకున్నా, కొట్టుకున్నా మునసబు శిక్ష వెయ్యొచ్చు. పై కులంవాడైతే కొన్ని గంటలు చావిట్లో కూర్చోబెట్టాలి. కింది కులంవాడైతే బొండ కొయ్యలో కాళ్ళు బిగించొచ్చు. అదే తిట్టు, అదే దెబ్బ, శిక్ష మటుకు వేరు. మా తాత ఆ బొండని కళ్ళారా చూశాడు. రెండు కాళ్ళూ కొయ్య బెజ్జాల్లో పెట్టి, పైన ఇంకో కొయ్య దించి చీల కొట్టేవాళ్ళట. ఎండలో ఉంటే ఈగలు తోలుకోడానికి చేతులు మాత్రం ఖాళీగా ఉండేవట. మునసబు రైతు, ఫిర్యాదిదారు రైతు, బొండలో ఉన్నవాడు పాలేరు. ఎవరి మాట నెగ్గుతుందో నన్ను అడగాలా?

మన మెట్టలో ఇంకో చిక్కు కూడా ఉండేది. కంచికచర్ల పక్కన పరిటాల చూశారుగా? వజ్రాల గనుల కోసం ఆ పరిటాలనీ చుట్టుపక్కల ఊళ్ళనీ నిజాం తన దగ్గరే ఉంచుకున్నాడు. చుట్టూ తెల్లదొరల జిల్లా, నడుమ నిజాం రాజ్యం. అటు మునగాల తిరగేసి, చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మన నందిగామ తాలూకా ముక్క. ఆ మునగాల 1959లోగానీ నల్గొండ జిల్లాలో కలవలేదు. గట్టు దాటితే పోలీసు వేరు, చట్టం వేరు. ఇక్కడ గొడ్డుని తోలుకుపోయి అక్కడ అమ్ముకునేవాళ్ళని మా తాత చెప్పేవాడు. హద్దుకి రెండు పక్కలా చెల్లే మాట పెద్దమనుషులది ఒక్కటే. అందుకే మనవైపు జనానికి తగవుని పెద్దమనుషుల్లో పెట్టడం అలవాటైంది. మరి ఆ పెద్దమనుషులు ఎవరు? భూమి ఉన్నవాళ్ళు. వాళ్ళలో వాళ్ళకి తగవు వస్తే ఎంత బాగా తీర్చేవాళ్ళో! రెండు పక్కలా ధరావతు కట్టించుకుని, మూడు రాత్రులు కూర్చుని, వెంట్రుకవాసి తేడా లేకుండా పంచేవాళ్ళు. తగవు వాళ్ళకీ వాళ్ళ పాలేరుకీ అయితే ఆ నేర్పంతా ఎక్కడికి పోయేదో.

ఆడవాళ్ళ సంగతీ అంతే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కథ మీకు తెలిసిందే. కాకాని వారి కోడలు, గోపయ్య భార్య. అత్త ఆరళ్ళు పెట్టింది, నిందలు మోపింది. గోపయ్య పులివాత పడ్డాడు. ఆమె యోగాగ్నిలో కలిసిపోయింది. ఆమె బతికుండగా ఒక్క పూట కూర్చుని ఆమె మాట విన్న తగవు లేదు. పోయాక మునేటి ఒడ్డున గుడి వెలిసింది, లక్షల మంది తిరునాళ్ళు. ఆ విగ్రహాలకి రెండేళ్ళకోసారి రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకొస్తారు. అన్ని కులాలవాళ్ళూ ఎదురెళ్ళి కొబ్బరికాయ కొడతారు. నేనూ కొడతాను. కొట్టిన ప్రతిసారీ నాకు అనిపించేది ఒకటే, ఈ ఎదురెళ్ళడం ఆ తల్లి బతికున్నప్పుడు జరిగుంటే ఎంత బాగుండేది అని. ఆడకూతుళ్ళ కేసులు రాసేటప్పుడు ఆమె గుర్తొచ్చేది.

ఇంక కంచికచర్ల కోటేశు సంగతి. దీన్ని మీకు చెప్పకుండా దాచినవాళ్ళు చాలామంది ఉంటారు. నేను దాచను.

1968 ఫిబ్రవరి. నేను అప్పుడు మీసాలొస్తున్న కుర్రాణ్ణి. కోటేశు దళితుడు, కూలి చేసుకు బతికేవాడు. ఇత్తడి సామాను దొంగిలించాడని నేరం మోపారు. కట్టేసి కొట్టారు. తరవాత కిరోసిన్ పోసి తగలబెట్టారు. బతికుండగానే. నేరం మోపినవాళ్ళే సాక్షులు, వాళ్ళే న్యాయమూర్తులు, వాళ్ళే తలారులు. బెజవాడ రోడ్డు మీద, రోజూ బస్సులు తిరిగే ఊళ్ళో జరిగిందది. నందిగామకి ఎంత దూరం? కోర్టుంది, స్టేషనుంది, ఆ దొంగతనం నిజమే అనుకున్నా ఒక కాగితం ముక్క రాసిస్తే చాలు. రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందని కూడా వాళ్ళకి తోచలేదు, అది నన్ను ఇన్నేళ్ళుగా కాలుస్తున్న మాట. అసెంబ్లీలో, పార్లమెంటులో ఆ పేరు మోగింది. దేశమంతా కంచికచర్ల అంటే ఏమిటో తెలుసుకుంది. ఆ ఏడాదే డిసెంబరులో తమిళనాడు కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్న దళితులు తలదాచుకున్న గుడిసెకి నిప్పు పెట్టారు, 44 మంది పోయారు.

ఆ ఊరివాడే కలేకూరి ప్రసాద్, 2013లో పోయాడు. ఆయన కవిత్వంలో కోటేశు పేరు నిలబెట్టాడు. ఊరి పెద్దలు మరిచిపొమ్మన్న పేరుని ఒక కవి మరవనివ్వలేదు.

"పోనీలే, జరిగిందేదో జరిగింది, ఊరు కలిసుండాలి" అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వాళ్ళంతా మంచివాళ్ళే కావచ్చు. కానీ ఆ మాట దళితుల పల్లెలోకి వెళ్ళి చెప్పారు, పెద్దిళ్ళలోకి వెళ్ళి చెప్పలేదు. అలా కలిపిన ఊరు అతుకు వేసిన కుండలాంటిది, నీళ్ళు పోసేదాకే కుదురుగా కనిపిస్తుంది. 1985లో కారంచేడులో, 1991 ఆగస్టులో చుండూరులో మళ్ళీ దళితుల్ని చంపారు. చుండూరు బాధితులు పట్టుబట్టి కోర్టునే తమ ఊరికి రప్పించుకున్నారు. ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల్ని ఆపడానికి వచ్చిన 1989 చట్టం కింద నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కూర్చోవడం అంతకుముందు లేదు. 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు, 2014లో హైకోర్టు కొట్టేసింది. గెలుపోటముల మాట ఎలా ఉన్నా, న్యాయమూర్తి తమ ఊరి గాలి పీలుస్తూ తమ మాట వినాలని వాళ్ళు అడిగారు చూడు, అది చాలా తెలివైన కోరిక.

ఇప్పుడు నేను కళ్ళారా చూసినది చెప్తాను. ఊరి పేరు చెప్పను, ఆ మనుషుల బిడ్డలు ఇంకా అక్కడే ఉన్నారు. మునేటికి ఈవల మెట్ట ఊరని మాత్రం అనుకోండి.

సాగర్ ఎడమ కాలవ రాక ముందు మన నేల సంగతి మీకు తెలియదు. జొన్న, కంది, పత్తి, వాన దయ. నాగార్జునసాగర్ కోసం ముక్త్యాల రాజావారు, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు, తిరగని గడప లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ తరవాత కొన్నేళ్ళకి మన మెట్టకి కాలవ అందింది. అది నల్గొండ దాటి, ఖమ్మం దాటి, చిట్టచివర మన దగ్గరికి రావాలి. కాలవకి మనం కొస. మన ఊళ్ళలో మళ్ళీ కొసలో ఎవరున్నారు? బంజరు పట్టాలిచ్చిన మాలపల్లె, మాదిగపల్లె రైతులు. ఎకరం, ఎకరన్నర, రాళ్ళ నేల. మంచి నేల అంతా తూము పక్కనే ఉంది, అది ఎప్పుడో పెద్ద రైతుల పేరున ఉంది.

ఒక ఏడు నీళ్ళు పల్చగా వచ్చాయి. పై రైతులు కాలవకి అడ్డంగా ఇసక బస్తాలు వేసి, ఆయిలింజన్లు పెట్టి రాత్రింబవళ్ళు తోడుకున్నారు. కింద మిరపనారు ఎండిపోయింది. మళ్ళీ పోశారు, మళ్ళీ ఎండింది. ఒక రాత్రి పల్లె కుర్రాడొకడు లాంతరు పట్టుకుని వెళ్ళి బస్తాలు తీశాడు. పై రైతు కొడుకు పారతో తల మీద కొట్టాడు. ఆస్పత్రి, కుట్లు, స్టేషను. మర్నాడే ఎదురు కేసు, ఇంజను పగలగొట్టారని. అంతే, ఊరు రెండైంది. పల్లెవాళ్ళు కూలికి రావడం మానేశారు. కొట్లో వాళ్ళకి ఉప్పు కూడా అమ్మలేదు. వాళ్ళ గేదెల పాలు ఎవరూ పోయించుకోలేదు. నేను ఆ రెండు కేసుల కాగితాలూ చూశాను. రెండూ ఏళ్ళ తరబడి నడిచే రకం.

ఆ ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. కొట్టినవాడు సాక్షాత్తూ ఆయన అన్నకొడుకు. ఏదో ఆస్పత్రి ఖర్చు పారేసి, రాజీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడని అందరూ అనుకున్నారు. మా వకీలుగారు కూడా అదే అనుకున్నారు. ఆయన ముందు చేసిన పని ఏమిటంటే, తగవు తన అరుగు మీద పెట్టనన్నాడు. బళ్ళో పెట్టాడు. బెంచీలు బయట పెట్టించి అందర్నీ నేల మీద కూర్చోమన్నాడు. మా వాడి తగవులో నా ఒక్కడి మాట చెల్లకూడదని, పల్లె నుంచి ఇద్దర్ని, బడి పంతులుగారిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదట దెబ్బ తిన్న కుర్రాడి తల్లిని మాట్లాడమన్నాడు. మధ్యలో ఎవరైనా నోరెత్తితే బయటికి పొమ్మన్నాడు.

ఆమె దెబ్బ గురించి చెప్పింది కొంచెమే. నారు మళ్ళీ మళ్ళీ పోసిన లెక్క చెప్పింది. కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి, ఏ షావుకారు దగ్గర, ఎంతకి అన్నది చెప్పింది. తూము దగ్గర చేలకి ఎన్ని తడులయ్యాయో, తమకి ఎన్ని అందలేదో వరసగా చెప్పింది. ఆమెకి అక్షరం ముక్క రాదు. నేను రాసిన ఏ దావాలోనూ అంత శుద్ధమైన వాదన లేదు.

తీర్పు ఇది. ఆస్పత్రి ఖర్చు, పని పోయిన రోజులకి కూలి, ఎండిన నారుకి నష్టం ఇవ్వాలి. కొట్టినవాడు పల్లెలోకి వెళ్ళి, ఆ ఇంటి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. ఎదురు కేసు వెనక్కి తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్దది, వచ్చే ఏటి నుంచి మొదటి తడి కొసచేనుకి. కింద నుంచి పైకి వంతు రావాలి. తూము పక్కనున్న ఆయన అన్న చేను ఆఖరు.

అసలు కేసు సంగతేమిటని పై రైతులు అడిగారు. అది వాళ్ళిష్టం అన్నాడు ఆయన. పల్లెవాళ్ళు మాట్లాడుకుని ఒక మాట చెప్పారు. ఒక పంట చూస్తాం, నీళ్ళు వస్తే అప్పుడు రాజీ కాగితం మీద సంతకం పెడతాం. నా అనుభవంలో అంత గట్టి షరతు ఏ వకీలూ రాయలేదు. మరుసటేడు కాలవ వదలకముందే రెండు పక్కలవాళ్ళూ పారలు పట్టుకుని పూడిక తీశారు. నీళ్ళు కొసకి పారాయి. కాయ కోతకి పల్లె ఆడవాళ్ళు పై రైతుల తోటల్లోకి వచ్చారు. అప్పుడు నందిగామలో కోర్టు అనుమతితో ఆ రాజీ దాఖలు చేశాం. ఆ కాగితం నేనే రాశాను.

దీనికి ఆ పెద్దాయన ఇచ్చుకున్న ఖరీదు తక్కువేం కాదు. అన్న ఇంటివాళ్ళు ఆయన గడప తొక్కడం మానేశారు. పెళ్ళికి పిలవలేదు. సొంత మనిషి మీద తీర్పు చెప్పగలిగినవాడి మాటే ఊరు వింటుంది, ఆ మనిషి ఒంటరిగా మిగిలిపోవడం కూడా నేను చూశాను. అయినా ఆయనకి పల్లెవాళ్ళు చివరిదాకా తోడున్నారు.

తగవులు తీర్చే ఏర్పాట్లు కూడా మారుతూ వచ్చాయి. 1984 జనవరిలో మునసబు, కరణం పదవులు పోయాయి. 1997లో నీటి వినియోగదారుల సంఘాలకి చట్టం వచ్చింది. 1995 నుంచి న్యాయసేవల చట్టం అమల్లో ఉంది. ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. లోక్ అదాలత్‌లో తేలితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ పెడతారు. గట్టు తగాదాలకి, బాకీలకి, అన్నదమ్ముల పంపకాలకి అంతకన్నా మంచి దారి లేదు. కానీ ఒరేయ్ అబ్బాయ్, నువ్వు లా చదవాలంటున్నావు కాబట్టి చెప్తున్నాను. అప్పీలు లేదు గనకే అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. వాయిదాలకి తిరగలేక అలిసిపోయి పెట్టే సంతకం ఉంటుంది, అవతలివాడు వినిపించుకున్నాడని పెట్టే సంతకం ఉంటుంది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. సంతకం పెట్టే మనిషి మొహం చూడు. ఆడమనిషి అయితే, ముందు ఆమెతో, ఆమె వాళ్ళు ఎవరూ పక్కన లేకుండా, ఒక పది నిమిషాలు మాట్లాడు.

మన వీరుళ్ళపాడు మండలం పొన్నవరంలో పుట్టిన నూతలపాటి వెంకట రమణగారు 2021 ఏప్రిల్లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ ఆగస్టులోనే కృష్ణా నీళ్ళ మీద మన రాష్ట్రం తెలంగాణ మీద వేసిన కేసు ఆయన ముందుకి వచ్చింది. తను రెండు రాష్ట్రాలకీ చెందినవాణ్ణని, మధ్యవర్తిత్వంతో తేల్చుకుంటే సంతోషమని, కాదంటే వేరే బెంచికి పంపిస్తానని చెప్పారు. మన రాష్ట్రం విచారణే కావాలంది. ఆయన పక్కకి తప్పుకున్నారు. పుట్టిన నేలకి నీళ్ళిచ్చే ఏటి కేసు చేతిలో పడితే వదులుకోవడం ఎంతమందికి వస్తుంది? అది చదివిన రోజు నాకు ఆ బడిలో, నా ఒక్కడి మాట చెల్లకూడదన్న పెద్దాయన గుర్తొచ్చాడు.

ఆ నీళ్ళ తగవు ఇంకా తెగలేదు. రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని 2023లో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కి అప్పగించింది. ఎడమ కాలవ పాలేరు జలాశయం దాటాలి, రాష్ట్రం హద్దు దాటాలి, అప్పుడు మన దగ్గరికి రావాలి. ఖమ్మం వైపు రైతుకీ మనకీ పగ లేదు, ఇద్దరం ఒకే కాలవ మీద బతుకుతున్నాం. ట్రిబ్యునల్‌లో కూర్చుని వాదించే పెద్ద వకీళ్ళు రెండు పక్కలవాళ్ళూ ఒక్కసారి కారు దిగి, చిట్టచివరి తూము కింద ఎకరం రైతుని, ముఖ్యంగా ఆ ఇంటి ఆడమనిషిని, ఎన్ని తడులు అందలేదో చెప్పమని అడగాలని నాకు ఉంది. నువ్వు ప్లీడరీ పాసై అక్కడికి వెళ్ళే రోజు వస్తే, ముందు ఆమెని అడుగు.